నూతిలో పునీతుడు: అంతోనివారి భక్తిలో జనం పెట్టిన షరతులు

పెళ్ళి కుదరని అమ్మాయి కతోలిక పునీతుడు పాదువా అంతోనివారి చిన్న బొమ్మకి తాడు కట్టి నూతిలోకి తలకిందులుగా దించడం పోర్చుగల్‌లోనూ బ్రెజిల్‌లోనూ పాత ఆచారం. సంబంధం కుదిరేదాకా ఆయన అక్కడే వేలాడాలి. నుయ్యి లేనివాళ్ళు నీళ్ళ గ్లాసులో బోర్లా పెడతారు, లేదా గోడవైపు తిప్పి నిలబెడతారు. ఇంకా గడుసువాళ్ళు ఆయన చేతిలోని బాలయేసుని ఊడదీసి దాచేస్తారు. వరుడు దొరికిన రోజున బిడ్డని తెచ్చి మళ్ళీ చేతిలో పెడతారు.

ఇంత అవమానం పడే ఈ మనిషి మామూలువాడు కాదు. 13వ శతాబ్దపు వేదాంత పండితుడు, పేరున్న ప్రసంగీకుడు. 1946లో 12వ పయస్ పోపు ఆయన్ని శ్రీసభ (కతోలిక చర్చి) పండితుల జాబితాలో చేర్చాడు. అలాంటివాడు పెళ్ళిళ్ళ పేరయ్య ఎలా అయ్యాడు? దీనికి రెండు జవాబులు తరచూ వినిపిస్తాయి. చదువు లేని జనం మూఢనమ్మకం అని కొందరు గురువులు (పాదిరీలు) అంటారు. క్రైస్తవం రాకముందున్న పాత దేవుళ్ళే పునీతుల వేషం వేసుకున్నారని కొందరు పరిశోధకులు అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గానీ, అంతోని విషయంలో రెండూ సరిపోవు. ఆయన్ని నూతిలో దించే పద్ధతికి మూలాలు వెతికితే అవి ఎక్కడో అడవి గుళ్ళలో కాదు, సాక్షాత్తు కతోలిక మఠాల్లోనే దొరుకుతాయి.

ముందు ఆయన కథ క్లుప్తంగా. 1195 ప్రాంతంలో లిస్బన్‌లో పుట్టాడు, అసలు పేరు ఫెర్నాండో. అగస్టీనియన్ మఠంలో చేరి కొయింబ్రాలో చదువుకున్నాడు. 1220లో మొరాకోలో చంపబడిన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ సన్యాసుల అవశేషాలు కొయింబ్రాకి రావడం చూసి, తాను కూడా అలాగే ప్రాణమివ్వాలని ఫ్రాన్సిస్కన్ అయ్యాడు, పేరు అంతోనిగా మార్చుకున్నాడు. మొరాకో వెళ్ళాడు గానీ జబ్బుపడ్డాడు. తిరుగు ప్రయాణంలో ఓడ గాలివానకి సిసిలీ చేరింది. అలా అనుకోకుండా ఇటలీ పాలయ్యాడు. ఫోర్లీలో ఒక సందర్భంలో ఎవరూ ముందుకు రాకపోతే ఈయన్ని మాట్లాడమన్నారు. ఆ రోజు నుంచీ ప్రసంగాలే జీవితం. 1231 జూన్ 13న పాదువా దగ్గర చనిపోయాడు, అప్పటికి వయసు 36 లోపే. ఏడాది తిరక్కుండానే, 1232 మే 30న, 9వ గ్రెగొరీ పోపు ఆయన్ని పునీతుడిగా ప్రకటించాడు. 1263లో సమాధి తెరిస్తే నాలుక చెక్కుచెదరకుండా ఉందని చెబుతారు. ఆ నాలుకని పాదువా బసిలికాలో ఈ రోజుకీ చూపిస్తున్నారు.

ఈ కథలో పెళ్ళి లేదు, పోయిన వస్తువులూ లేవు. దొంగిలించిన కీర్తనల పుస్తకాన్ని ఒక యువ సన్యాసి భయపడి తిరిగి తెచ్చిచ్చాడన్న ఐతిహ్యం ఉంది, అంతే. అసలు సంగతి ఆయన చనిపోయిన కొద్ది ఏళ్ళకే ఫ్రాన్సిస్కన్లు ఆయన పండగ కోసం కూర్చిన ఒక లాటిన్ స్తోత్రంలో ఉంది. మహిమలు కావాలా, ఈయన దగ్గరికి రండి అని మొదలుపెట్టి వరసగా పద్దు చదువుతుంది. చావు, దయ్యం, కుష్ఠు పారిపోతాయి. రోగులు లేచి నిలబడతారు. సముద్రం లొంగుతుంది, సంకెళ్ళు తెగుతాయి. పోయిన అవయవాలూ పోయిన వస్తువులూ పిల్లలకీ ముసలివాళ్ళకీ తిరిగి దొరుకుతాయి. తర్వాత 700 ఏళ్ళలో, 4 ఖండాల్లో జనం అంతోనివారికి అప్పజెప్పిన పనులన్నీ దాదాపు ఈ పద్దులో ఉన్నవే. పెళ్ళికొడుకు ఒక్కడే లేడు. బహుశా వాణ్ణి కూడా 'దొరకని వస్తువు' కిందే జమ కట్టేసి ఉంటారు.

ఈ స్తోత్రం పోర్చుగల్ పల్లెల్లో ఒక మంత్రంగా మారింది. గొడ్డు తప్పిపోయినా, ఉంగరం పోయినా ఊళ్ళో దాన్ని చదవగల ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళేవారు. ఆమె దాన్ని తడబడకుండా చదివితే వస్తువు దొరుకుతుంది, మధ్యలో నాలుక తొట్రుపడితే ఆశ వదులుకోవాల్సిందే. కొండ ప్రాంతాల్లో రాత్రి బయట చిక్కుకున్న పశువుల్ని తోడేళ్ళు ముట్టకుండా కూడా ఇదే చదివేవారు. గుడిలో గురువులు పాడినది గడప దగ్గర పెద్దావిడ చదివింది. పదాలు చాలావరకు అవే, అర్థం తెలియాల్సిన అవసరం మాత్రం పోయింది. తప్పు లేకుండా పలకడం ఒక్కటే నియమంగా మిగిలింది.

ఇక శిక్ష సంగతి. పునీతుణ్ణి అవమానించి పని చేయించుకోవడం మొరటు జనం చేష్ట అని చాలామంది అనుకుంటారు. కానీ 10 నుంచి 13వ శతాబ్దం దాకా ఫ్రాన్స్ మఠాల్లో సన్యాసులే దీన్ని పూజావిధిగా జరిపేవారు. భూస్వామి ఎవరైనా మఠం ఆస్తి ఆక్రమిస్తే, పునీతుల అవశేషాల పేటికల్ని పీఠం మీంచి దించి నేల మీద పెట్టేవారు, చుట్టూ ముళ్ళు పరిచేవారు. మమ్మల్ని కాపాడాల్సినవాడివి నువ్వు, కాపాడలేదు గనక నీకూ మాతో పాటు నేలే అన్నది అందులోని భావం. ఆక్రమించినవాడి మీద కూడా ఒత్తిడి పెరిగేది, ఎందుకంటే గుడిలో పూజలు ఆగిపోయేవి, ఊరంతా గొడవ చేసేది. 1274లో లయన్స్‌లో జరిగిన రెండో మహాసభ ఇలా పటాలనీ సిలువల్నీ నేల మీద పడేసి ముళ్ళతో కప్పడాన్ని నిషేధించింది. గురువులు మానేశారు, జనం మానలేదు.

తెలుగు పాఠకులకి ఇందులో వింత ఉండకూడదు. వానలు మొండికేసినప్పుడు శివాలయం గర్భగుడిలో నీళ్ళు నింపి లింగాన్ని ముంచే జలదిగ్బంధం మన పల్లెల్లో ఉంది. అది నాస్తికత్వం కాదు. దేవుడికి బాధ్యత ఉందని నమ్మినవాడే ఆయన్ని నిలదీస్తాడు. అంతోని బొమ్మని నూతిలో దించే అమ్మాయి కూడా ఆయనకి శక్తి ఉందా లేదా అని సందేహించడం లేదు. శక్తి ఉండీ బద్ధకిస్తున్నాడని కోప్పడుతోంది. అయితే రెండింటికీ తేడా కూడా ఉంది. జలదిగ్బంధం ఊరంతా కలిసి చేసేది. నూతి వ్యవహారం ఒంటరి అమ్మాయిది, గుట్టుగా జరిగేది. మొక్కు తీరితే మాత్రం పది మందికీ తెలుస్తుంది.

లిస్బన్‌లో ఇప్పుడిది పూర్తిగా వీధి పండగ. జూన్ 12 రాత్రి పేటపేటకీ ఊరేగింపులు, నిప్పుల మీద కాలే సార్డీన్ చేపలు, చిన్న కుండీల్లో సన్నాకుల తులసి జాతి మొక్క. కుండీలో కాగితం పువ్వు, ఒక నాలుగు పాదాల ప్రేమ పద్యం గుచ్చి ప్రియురాలికి ఇస్తారు. ఆ మొక్కని ముక్కు పెట్టి వాసన చూస్తే వాడిపోతుందని, అరచేత్తో తాకి చేతినే వాసన చూడాలని అక్కడి పట్టింపు. 1958లో పేద జంటలకి అంతోనివారి పేరున సామూహిక వివాహాలు మొదలయ్యాయి, 1974 విప్లవంతో ఆగి, 1997లో నగరపాలక సంస్థ చేతిలో మళ్ళీ మొదలయ్యాయి. బ్రెజిల్‌లో వ్యాపారులు ఇంకాస్త ముందుకెళ్ళారు. 1940ల చివర్లో సావో పౌలోలో ఒక ప్రకటనల నిపుణుడు ప్రేమికుల దినాన్ని ఫిబ్రవరిలో కాకుండా జూన్ 12న పెట్టించాడు. జూన్‌లో అమ్మకాలు మందగిస్తాయి గనక అదొక లెక్క, మర్నాడే పెళ్ళిళ్ళ పునీతుడి పండగ గనక ఇదొక లెక్క.

పెళ్ళిళ్ళ దాకా ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. కానీ పోయినవి వెతికి తెచ్చే శక్తి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పనే చేస్తుంది. వలస పాలనలోని బ్రెజిల్‌లో తోటల యజమానులు పారిపోయిన బానిసల్ని పట్టిమ్మని ఇదే అంతోనికి మొక్కుకునేవారు. వాళ్ళ లెక్కలో బానిస అంటే పోయిన వస్తువే గనక స్తోత్రంలోని మాట అచ్చంగా వర్తించింది. అక్కడితో ఆగలేదు. పోర్చుగల్ సైన్యం 1668లో లాగోస్ దళంలో అంతోనిని సిపాయిగా నమోదు చేసింది, 1683లో కెప్టెన్‌ని చేసింది. 1685లో బ్రెజిల్‌లోని పెర్నాంబుకోలో, పారిపోయిన బానిసలు కట్టుకున్న పల్మారెస్ మీద యుద్ధానికి ఆయన్ని సైనికుడిగా చేర్చుకున్నారు. బ్రెజిల్ కోటల్లో రకరకాల హోదాలు, వాటికి జీతాలు. ఆ జీతం ఫ్రాన్సిస్కన్ మఠాలకి చేరేది. సేనాపతికి జయం, మఠానికి రాబడి, పునీతుడికి పదోన్నతి. ఈ ఏర్పాటులో ఎవరికీ నష్టం లేదు, పల్మారెస్‌లో ఉన్నవాళ్ళకి తప్ప.

దీనికి అవతలి గట్టున, అట్లాంటిక్ దాటి ఆఫ్రికాలో, ఇదే పునీతుడి పేరు మీద ఇంకో కథ నడిచింది. అంతోని భక్తి చరిత్రలో అన్నిటికన్నా లోతుగా చూడాల్సిన ఘట్టం అదే.

కాంగో రాజ్యం 1491లో తన రాజు ఇష్టంతోనే క్రైస్తవంలోకి వచ్చింది. అంటే 1700 నాటికి అక్కడ కతోలికం 200 ఏళ్ళ పాత మతం, పరాయిది కాదు. కానీ 1665లో ఎంబ్విలా దగ్గర పోర్చుగీసుల చేతిలో రాజు హతమయ్యాక వారసత్వ పోరులో రాజ్యం ముక్కలైంది. రాజధాని సావో సాల్వడోర్ 1678లో పాడుబడింది. యుద్ధంలో పట్టుబడ్డవాళ్ళని రేవుల్లో బానిసలుగా అమ్మేవారు. ఈ పరిస్థితిలో 1704లో దోనా బెయాత్రిజ్ కింపా వీటా అనే 20 ఏళ్ళ యువతి జబ్బుపడింది. సన్యాసి దుస్తుల్లో అంతోని తన ముందుకి వచ్చాడని, తన తలలో ప్రవేశించాడని చెప్పింది. అంతకుముందు ఆమె ఆత్మలు ఆవహించే సంప్రదాయ వైద్యంలో దీక్ష పొందిన మనిషి. కాబట్టి పూనకం ఆమెకి కొత్త కాదు, పూనింది ఎవరన్నదే కొత్త.

ఆమె అక్కడితో ఆగి ఉంటే ఊరికొక పూనకం మనిషిగా మిగిలిపోయేది. ఆమె మాట్లాడింది రాజ్యం గురించి. రాజులు పోరు మాని రాజధానికి తిరిగి రావాలంది, జనాన్ని వెంటబెట్టుకుని తానే సావో సాల్వడోర్ చేరింది. యేసు పుట్టింది సావో సాల్వడోర్‌లోనే అంది, మరియమ్మ కాంగో స్త్రీ అంది, ఫ్రాన్సిస్కన్ల స్థాపకుడు ఫ్రాన్సిస్ కూడా కాంగో వంశీకుడే అంది. ప్రతి శుక్రవారం తాను చనిపోయి పరలోకం వెళ్ళి దేవుడితో మాట్లాడి వస్తానని చెప్పేది. అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇంకొకటి: జ్ఞానస్నానం వల్ల, పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) వల్ల ఏమీ ఒరగదు, దేవుడు చూసేది మనసులోని ఉద్దేశాన్నే. మరియమ్మ ప్రార్థనని ఆమె అంతోని ప్రార్థనగా మార్చి జనానికి నేర్పింది. అందులో అంతోని పరలోకానికి తలుపు, దాదాపు రెండో దేవుడు. ఆమె శిష్యులు 'చిన్న అంతోనులు'గా ఊళ్ళ వెంట తిరిగారు.

కపుచిన్ గురువులకి ఇది తట్టుకోలేని విషయం. వాళ్ళూ ఫ్రాన్సిస్కన్ కుటుంబమే, అంతోని వాళ్ళ సొంత పునీతుడు. ఆమెకి బిడ్డ పుట్టడం వాళ్ళకి అవకాశమిచ్చింది. వాళ్ళ ఒత్తిడి మీద రాజు నాలుగో పెద్రో ఆస్థానం ఆమెకి మరణశిక్ష వేసింది. 1706 జూలై 2న ఆమెనీ ఆమె సహచరుణ్ణీ కాల్చేశారు. పసివాణ్ణి మాత్రం చివరి నిమిషంలో వదిలేశారు. 1709లో పెద్రో సేనలు సావో సాల్వడోర్‌ని పట్టుకోవడంతో ఉద్యమం కూలిపోయింది.

పునీతుణ్ణి నూతిలో ముంచినవాళ్ళని ఎవరూ కాల్చలేదు. బానిసల్ని పట్టిమ్మన్నవాళ్ళని పల్లెత్తు మాట అనలేదు, పైగా మఠానికి జీతం ముట్టింది. పునీతుడి పేరుతో ఒక సిద్ధాంతం చెప్పిన మనిషి మీదే నిప్పు పడింది. శ్రీసభ జనపద భక్తిని ఎక్కడ సహించింది, ఎక్కడ సహించలేదు అన్న ప్రశ్నకి జవాబు ఈ తేడాలో ఉంది. కోరికలు ఎలా కోరుకున్నా ఫరవాలేదు, గురువు అవసరం లేదని మాత్రం అనకూడదు. నూతి దగ్గరి అమ్మాయి తర్వాతి ఆదివారం పూజకి వస్తుంది. కింపా వీటా శిష్యులు రారు.

ఆ తర్వాత కూడా కాంగోలో అంతోని పోలేదు. ఇత్తడితోనూ దంతంతోనూ చేసిన చిన్న అంతోని బొమ్మల్ని మెడలో వేసుకోవడం, కాన్పు కష్టమైతే కడుపు మీద రుద్దడం కొనసాగింది. బానిస ఓడల్లో కాంగో మనుషులతో పాటు ఆయన కూడా బ్రెజిల్ వెళ్ళాడు. అక్కడ యజమానుల ఇళ్ళలో పటమై ఉన్న అంతోని, బానిసల గుడిసెల్లో ఇంకొకడయ్యాడు. బహియాలో యోరుబా సంప్రదాయపు ఇనుము, యుద్ధాల దేవుడు ఓగుమ్‌తో ఆయన్ని కలిపేశారు. రియోలో అదే ఓగుమ్‌కి జార్జ్ పునీతుడు జోడీ అయ్యాడు. కత్తి పట్టని సన్యాసి యుద్ధదేవుడితో ఎలా జతపడ్డాడని అడిగితే, కోటల్లో ఆయనకున్న సైనిక హోదా గుర్తు చేసుకోవాలి. బహియాలో జూన్ 1 నుంచి 13 దాకా ఇళ్ళలో జరిగే 13 రోజుల ప్రార్థనలకి ఇరుగుపొరుగు అంతా చేరతారు, చివర్లో విందు, పాట, ఆట.

ఇంత దూరం వ్యాపించిన ఈ భక్తిలో పాదువా ప్రసంగీకుడి జీవితం గురించి తెలిసినవాళ్ళు ఎక్కడా ఎక్కువ లేరు. దేశాలు దాటింది కథ కాదు, పద్ధతి. ఫలానా వారం, ఫలానా అంకె, మొక్కు, తీర్చకపోతే శిక్ష, తీరిస్తే కానుక. వారం సంగతే చూడండి. అంతోని చనిపోయింది శుక్రవారం, ఖననం జరిగింది మంగళవారం. ఆ రోజు జరిగాయన్న స్వస్థతల వల్ల మంగళవారానికి పేరొచ్చింది. 1617లో బొలోన్యాలో పిల్లల్లేని ఒక స్త్రీకి అంతోని కలలో కనిపించి 9 మంగళవారాలు గుడికి రమ్మన్నాడన్న కథతో అది మొక్కుగా స్థిరపడింది. ఆయన చనిపోయిన తేదీని బట్టి 9 కాస్తా 13 అయింది.

ఈ మంగళవారం మతాల సరిహద్దుల్ని లెక్కచేయలేదు. అల్బేనియాలో లాచ్ దగ్గర కొండ మీది అంతోని గుడికి ముస్లింలూ వస్తారు, 13 మంగళవారాల మొక్కు పాటిస్తారు. 1967లో ఆ దేశం మతాన్నే నిషేధించి గుడిని కూల్చేసినా, జనం చాటుగా కొండెక్కడం మానలేదు. ఇస్తాంబుల్‌లో ఇస్తిక్లాల్ వీధిలోని అంతోని చర్చికి మంగళవారం కొవ్వొత్తి వెలిగించడానికి వచ్చేవాళ్ళలో ముస్లింలు ఉంటారు. మన దగ్గర కూడా కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) చాలాచోట్ల మంగళవారం సాయంత్రం అంతోనివారి నవదిన ప్రార్థనలు మామూలే. మంగళవారం ఉపవాసాలకీ అమ్మవార్ల మొక్కులకీ అలవాటుపడ్డ పరిసరాల్లో అది వేరే మతం నియమంలా కొట్టొచ్చినట్టు కనిపించదు కూడా.

తమిళ తీరంలో, శ్రీలంకలో ఆయన ఇంకో పని చేపట్టాడు: దయ్యాల్ని వదిలించడం. తూత్తుకుడి వైపు పులియంపట్టి గుడికి పూనిన మనుషుల్ని తీసుకొచ్చి రోజుల తరబడి ఉంచుతారు. మరియమ్మ దగ్గర కన్నీళ్ళు, అంతోని దగ్గర కేకలు. అక్కడి జనం దృష్టిలో ఆయన పొలిమేర కాసే దేవుడి లాంటివాడు. స్తోత్రంలో 'దయ్యం పారిపోతుంది' అన్న ముక్క ఇక్కడ అన్నిటికన్నా పెద్దదైంది.

కొలంబోలోని కొచ్చికడే గుడి కథ సముద్రంతో ముడిపడింది. డచ్చివాళ్ళు కతోలిక మతాన్ని నిషేధించిన కాలంలో అంతోనియో అనే గురువు వ్యాపారి వేషంలో తిరుగుతూ జాలర్ల మధ్య తలదాచుకున్నాడట. సముద్రం తీరాన్ని కోసేస్తోంది, దాన్ని ఆపితే నీ మతంలోకి వస్తామని వాళ్ళు పందెం పెట్టారట. ఆయన సిలువ నాటి ప్రార్థించగా 3 రోజుల్లో నీళ్ళు వెనక్కి తగ్గాయని స్థలపురాణం. బేరం ఎంత సూటిగా ఉందో చూడండి: ముందు పని, తర్వాత నమ్మకం. ఇప్పటి గుడి 1834 నాటిది. మంగళవారాల్లో బౌద్ధులు, హిందువులు, ముస్లింలు కూడా వరసలో నిలబడతారు. 2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ ఉదయం, బాంబులు పేలిన చోట్లలో ఇదొకటి. గుడిని బాగు చేసి ఆ జూన్‌లో పండగ నాటికే మళ్ళీ తెరిచారు.

ఈ బేరసారాలన్నిటినీ శ్రీసభ ఏం చేసుకుంది? తెలివిగా చేసిన ప్రయత్నం ఒకటుంది. 1890లో ఫ్రాన్స్‌లోని తూలోన్‌లో ఒక దుకాణం నడిపే స్త్రీ, తాళం తెరుచుకోక ఇబ్బందిపడి, తలుపు తెరుచుకుంటే పేదలకి రొట్టెలు పంచుతానని అంతోనికి మొక్కుకుంది. తలుపు తెరుచుకుంది. 'అంతోనివారి రొట్టె' పేరుతో ఆ పద్ధతి ఎన్నో దేశాల గుళ్ళకి పాకింది. బేరం అలాగే ఉంది, కానీ చెల్లింపు పునీతుడికి కాకుండా పేదవాడికి మళ్ళింది. తిట్లూ నిషేధాలూ 1274 నుంచీ చేయలేకపోయిన పని ఇందులో కొంతైనా జరిగింది. 2001లో వాటికన్ జనభక్తి మీద ఒక మార్గదర్శిని సిద్ధం చేసింది. అందులో గౌరవమూ ఉంది, దిద్దుబాటూ ఉంది. అప్పటికి లిస్బన్‌లో నగరపాలక సంస్థ, బ్రెజిల్‌లో వ్యాపారులు ఆ పండగని ఎప్పుడో తమ చేతుల్లోకి తీసుకున్నారు.

భారత్, శ్రీలంకల మధ్య సముద్రంలో ఉన్న కచ్చతీవులో ఆయన్ని పంచుకుంటున్నది రెండు ప్రభుత్వాలు. తాగడానికి నీళ్ళు కూడా లేని ఆ దీవిలో జాలర్లు కట్టుకున్న చిన్న అంతోని గుడి ఉంది. 1974 ఒప్పందంతో దీవి శ్రీలంకకి వెళ్ళింది గానీ, భారత యాత్రికులు వీసా లేకుండా వచ్చిపోవచ్చన్న మాట ఆ ఒప్పందంలోనే రాశారు. చేపల వేట మీద గొడవలు ముదిరినా ఏటా ఫిబ్రవరి, మార్చి మధ్య 2 రోజుల తిరునాళ్ళకి రామేశ్వరం నుంచి పడవలు బయల్దేరతాయి. 2024లో మాత్రం, శ్రీలంక జైళ్ళలో ఉన్న తమవాళ్ళని విడిచిపెట్టాలంటూ రామేశ్వరం జాలర్లు ఆ తిరునాళ్ళనే బహిష్కరించారు. వాళ్ళ కోపం అంతోని మీద కాదు, ఆయన పండగని అడ్డుపెట్టి రెండు ప్రభుత్వాలతో బేరమాడారు.